అజూర్ నెల తారీఖు

ఎమ్మెల్యేల దగ్గర, ఎంపీల దగ్గర పీఏలుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, కాసేపు అవీ ఇవీ మాట్లాడి, చివరికి అసలు సంగతికి వస్తారు. ఢిల్లీ నుంచి నిధులు ఎలా రాబట్టాలి, కాగితం ఎవరి బల్ల మీద పడితే కదులుతుంది, ఎవరిని పట్టుకోవాలి అని అడుగుతారు. నేనేదో కిటుకు దాచిపెట్టుకున్నానని వాళ్ల అనుమానం. నా దగ్గర ఉన్నది ఒక్కటే. అదీ నా తెలివితో సంపాదించింది కాదు. ఏ పాపం ఎరగని మనిషిని పోలీసు క్యాంపులో నాలుగు రోజులు కూర్చోబెట్టి నేర్చుకున్నది.

మెదక్‌లో ఒక పార్లమెంటు మెంబరు గారి దగ్గర నేను టైపిస్టుగా చేరేనాటికి పోలీస్ యాక్షన్ జరిగి ఏడాదిన్నర. నిజాం సర్కారు పోయింది, కొత్త సర్కారు ఇంకా కుదురుకోలేదు. ఎన్నికలు జరగలేదు. అప్పటికి ఢిల్లీలో నడుస్తున్న పార్లమెంటులో కూర్చోవడానికి మన రాజ్యం నుంచి కొందరిని ఎంపిక చేసి పంపారు. మా మెంబరు గారు అందులో ఒకరు. అంతకుముందు ఆయన మెదక్‌లో వకీలు. ఢిల్లీ దాకా పోయినా జనం నోట మాత్రం వకీల్ సాబే.

ఆయన ఇంటి ముందరి గదే మా ఆఫీసు. పనిచేసేది ఇద్దరం. నాకు ఇరవై రెండేళ్లు, సికింద్రాబాదులో ఇంగ్లీషు టైపు నేర్చుకుని వచ్చాను. రెండో ఆయనకు అరవై దాటాయి. తహసీల్ కచేరీ బయట చాప పరుచుకుని ముప్పై ఏళ్లు ఉర్దూలో దరఖాస్తులు రాసిన మనిషి. అందరూ మున్షీ సాబ్ అనేవాళ్లు. పోలీస్ యాక్షన్ తర్వాత ఉర్దూ కాగితానికి గిరాకీ పోయింది. ఆయన కూర్చునే చోట ఇంకెవరో కూర్చున్నారు. మెంబరు గారు పాత స్నేహం కొద్దీ పిలిచి పని ఇచ్చారు. పాత ఉర్దూ కాగితాలు ఆయన చదివి తెలుగులో చెప్పాలి, నేను ఇంగ్లీషులో టైపు కొట్టాలి. ఇక ముందు కాలమంతా మాలాంటి వాళ్లదే అన్న పొగరు నాకు నిండుగా ఉండేది. ఆయన నాకంటే ముందొచ్చి గది ఊడ్చేవారు. నేను వద్దని ఒక్కరోజూ అనలేదు.

ఆ ఎండాకాలం మెంబరు గారు తలకెత్తుకున్న పని ఒక్కటే. నిజాంపేట దిక్కున ఒక చిన్న పల్లెలో రజాకార్లు ముప్పై ఒక్క ఇండ్లు తగలబెట్టారు. రెండేళ్లు దాటినా జనం తాటాకు కింద, బొంత కింద బతుకుతున్నారు. ఇలాంటి ఊళ్లకు ఢిల్లీ నుంచి రేకులు, దూలాలు, విత్తనం ఇప్పించాలని ఆయన పట్టుబట్టారు. అక్కడి అధికారులు పెట్టిన షరతు ఒకటుంది. నష్టం పోలీస్ యాక్షన్‌కు ముందు జరిగినదై ఉండాలి.

ఆయన పని తీరు చూసి నేను ఆశ్చర్యపోయేవాడిని. ఉత్త అర్జీ పట్టుకుని పోయేవారు కాదు. ముందు సంగారెడ్డిలో కలెక్టరు కచేరీ నుంచి ధ్రువీకరణ తెచ్చుకునేవారు. తర్వాత సభలో ప్రశ్నకు నోటీసు ఇచ్చేవారు. ఆ ప్రశ్నకు జవాబు తయారుచేయాల్సిన అధికారి ఎవరో కనుక్కుని, ప్రశ్న రాకముందే ఆయన గది బయట బెంచీ మీద పోయి కూర్చునేవారు. "ప్రశ్న అడిగి వాళ్ల ఇజ్జత్ తీస్తే మనకేమొస్తదయ్యా? ప్రశ్న వస్తున్నదని చెప్పి పని చేయించుకోవాలె" అనేవారు.

ఇంకో పట్టింపు కూడా ఉండేది. ఏ కాగితమైనా సరే, వేలిముద్ర వేసేవాళ్లకు మొత్తం తెలుగులో చదివి వినిపించాలి. "తారీఖు, పేరు, ఊరు వాళ్ల నోటితోనే చెప్పించు. వాళ్లు ఔనంటే కాదు, వాళ్లే చెప్పాలె" అని ఢిల్లీ పోయే ముందు రోజు కూడా నాకు చెప్పారు. నేను తల ఊపాను.

ఇక్కడ మీకు ఫసలీ సంగతి కొంచెం చెప్పాలి. నిజాం కచేరీల్లో ఇంగ్లీషు సంవత్సరం రాసేవాళ్లు కాదు. ఫసలీ సంవత్సరం, దానికి వేరే నెలలు. ఏడాది అజూర్ నెలతో మొదలవుతుంది, అంటే మన అక్టోబర్. తర్వాత దై, బహ్మన్. ఫసలీని ఇంగ్లీషు సంవత్సరంలోకి మార్చాలంటే మొదటి ఈ మూడు నెలలకు ఐదువందల తొంభై కలపాలి. జనవరి రాగానే అవతల ఇంగ్లీషు ఏడాది మారుతుంది గనుక మిగతా తొమ్మిది నెలలకు ఐదువందల తొంభై ఒకటి కలపాలి. నేను చేరిన నాటి నుంచి నా చేతికొచ్చిన కాగితాలన్నీ ఆ తొమ్మిది నెలల్లోవే. తొంభై ఒకటి కలిపీ కలిపీ చేతికి అలవాటైపోయింది.

ఆ పల్లె కాగితాలు ఫసలీ పదమూడు వందల యాభై ఏడు, అజూర్ నెలవి. 1948 సెప్టెంబరులో జరిగిన పోలీస్ యాక్షన్‌కు పదకొండు నెలల ముందువి. ఇండ్లు కాలిన వారంలోనే ఆ ఊరివాళ్లు తహసీల్‌కు దరఖాస్తులు పెట్టుకున్నారు, అవి రాసింది మున్షీ సాబే. అప్పట్లో వాటిని పట్టించుకున్నవాడు లేడు. నేను ఇంగ్లీషు జాబితా టైపు చేస్తుంటే ఆయన కలం పక్కన పెట్టి అన్నారు.

"బేటా, అజూర్, దై, బహ్మన్ జర అలగ్ ఉంటయి, లెక్క వేరె. ఒకసారి నాకు చదివి చెప్పు."

"నాకు తెలుసు లెండి మున్షీ సాబ్. మీరు తర్వాతి కాగితం తియ్యుండ్రి" అన్నాను.

ఆయన తీశారు. నేను 1947 అక్టోబర్ అని కొట్టాల్సిన చోట 1948 అక్టోబర్ అని కొట్టాను. ముప్పై ఒక్కసార్లు కొట్టాను.

మరునాడు ఊరివాళ్లు వచ్చారు. వాళ్లందరినీ పోగుచేసి తెచ్చింది ఒక కుమ్మరాయన, యాభై ఏళ్ల మనిషి, తక్కువ మాట్లాడేవాడు. అందుకే జాబితాలో మొదటి పేరు ఆయనదే పెట్టాను. ఎండ మండిపోతోంది, నాకు తొందరగా ఉంది. గబగబా చదువుకుంటూ పోయాను. ఆయన భార్య ఒక్కతే అడిగింది.

"అక్టోబర్ అంటే ఎప్పుడు సారూ?"

"బతుకమ్మ నెల."

"అయితే గదే. బతుకమ్మ ఎల్లిన నాలుగొద్దులకే కాలవెట్టిండ్రు."

ఏ ఏడు అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. వేలిముద్రలు పడ్డాయి, జాబితా ఢిల్లీకి పోయింది.

మూడు వారాలకు ఢిల్లీ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ప్రతి కవరూ నేనే విప్పేవాడిని. ఈ సంఘటనలు పోలీస్ యాక్షన్ తర్వాత జరిగినట్టు మీ జాబితాలోనే ఉంది, కనుక సాయానికి వీలుపడదు, ఇన్ని ఇండ్లు కాలడం శాంతిభద్రతల విషయం గనుక నకలు జిల్లా అధికారులకు పంపుతున్నాము అని అందులో ఉంది. నిలబడి చదివినవాడిని కూర్చుండిపోయాను. కార్బన్ కాపీ తీసి చూసుకుంటే తప్పు నా వైపే చూస్తోంది.

ఇక ఆ తర్వాత నేను చేసింది తప్పు కంటే పెద్ద తప్పు. ఉత్తరం మడిచి సొరుగులో పెట్టాను. మెంబరు గారికి తెలియకుండా, మున్షీ సాబ్‌కు తెలియకుండా, సవరించిన జాబితా ఒకటి చల్లగా పంపేస్తే సరిపోతుందనుకున్నాను. టైపు చేయబోతే వేలిముద్రలు మళ్లీ కావాలి. ఊరివాళ్లను మళ్లీ పిలిస్తే ఎందుకని అడుగుతారు. అలా రెండు రోజులు గడిపాను. పోస్టు మనిషి సైకిల్ గంట వినిపిస్తే మున్షీ సాబ్ కంటే ముందే అరుగు మీదికి పరుగెత్తేవాడిని.

మూడో రోజు పొద్దున ఆ కుమ్మరామె వచ్చి మా అరుగు మీద కూర్చుంది. ఏడవడం లేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"సారూ, మా ఇంటాయనను నిన్న పోలీసోళ్లు పట్కపోయిండ్రు. క్యాంపుల కూసోవెట్టిండ్రు. కాయితంల మొదటి పేరు నీదే కదా, ఇండ్లు కాలవెట్టిన దళం ఏది, ఎవలిని దాస్తున్నవ్ అంటుండ్రట. వకీల్ సాబ్ రాసిన కాయితమేనట కదా. గదేందో చూడుండ్రి."

అప్పుడు తెలంగాణ అంతటా ఉన్న భయం మీకు చెబితే అర్థం కాదు. రజాకార్లు పోయారు, కానీ కమ్యూనిస్టు దళాల సాయుధ పోరాటం సాగుతూనే ఉంది. మా వైపు అది నల్లగొండ అంత లేకపోయినా, పోలీసు క్యాంపు మెదక్‌లోనూ ఉంది. పోలీస్ యాక్షన్ తర్వాత ఇండ్లు కాలాయంటే వాళ్ల లెక్కలో అది దళాల పని. ముప్పై ఒక్క ఇండ్లు కాలినా ఠాణాకు కబురు రాలేదంటే ఊరు దళాన్ని దాస్తున్నట్టే. క్యాంపులో నుంచి శుక్రవారం లారీ సంగారెడ్డికి పోతుంది. అక్కడి నుంచి ఏ జైలుకు పంపుతారో ఇంటివాళ్లకు చెప్పరు. కొందరి గురించి ఆ తర్వాత ఏ కబురూ రాలేదు. ఆ రోజు మంగళవారం.

ఆమెకు నేను నిజం చెప్పలేదు. చూస్తానన్నాను. లోపలికి పోయి సొరుగు తీసి ఉత్తరం మున్షీ సాబ్ ముందు పెట్టాను. ఆయనకు ఇంగ్లీషు రాదు కదా, నేనే చదివి తెలుగులో చెప్పాను. ఆయన ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

"తార్ కొట్టు మెంబరు సాబ్‌కు. తప్పు నాది అని నీ పేరు మీదనే రాయి, దాపకు" అన్నారు.

తంతి కొట్టాను. రెండు రోజుల దాకా జవాబు లేదు. ఆయన ఢిల్లీ నుంచి బయలుదేరారని తర్వాత తెలిసింది. అంతలో నేను ఒక్కడినే క్యాంపుకు పోయాను. ఇన్‌స్పెక్టర్ కోస్తా జిల్లాల నుంచి వచ్చిన మనిషి, మర్యాదగానే మాట్లాడాడు.

"మీ మెంబరు గారు సంతకం పెట్టిన కాగితం ఇది. ఇందులో ఏముందో అదే నేను నమ్ముతానండీ. ఇప్పుడొచ్చి ఏడాది తప్పు పడిందంటే, మనిషిని తప్పించడానికి చెబుతున్నారని అనుకోనా? రుజువేదైనా ఉంటే తీసుకురండి."

తహసీల్‌లో ఇచ్చిన అసలు దరఖాస్తులు పోలీస్ యాక్షన్ గందరగోళంలో పోయాయి, మేము చూసి టైపు చేసినవి ఊరివాళ్ల దగ్గర మిగిలిన ముద్ర లేని విడి నకళ్లు, వాటిని ఎవరూ రుజువనరు. నాకు తోచిన దారి లేదు. బుధవారం పొద్దంతా ఆఫీసులో తిరిగిన చోటే తిరిగాను. సాయంత్రం మున్షీ సాబ్ లేచి చెప్పులు వేసుకున్నారు.

"నా దగ్గర నకల్ బహీ ఉన్నది" అన్నారు.

ఆయన రాసిన ప్రతి దరఖాస్తుకూ వరుసగా నకలు రాసి పెట్టుకున్న దళసరి పుస్తకం అది. ఇన్నాళ్లూ ఎక్కడుందని అడిగితే నవ్వారు. ఉర్దూ కాగితాలు ఇంట్లో ఉంటే సోదాలో ఏమంటారోనని, జొన్నల గుమ్మిలో పెట్టి పైన జొన్నలు పోశారట. పోలీస్ యాక్షన్ అయిన కొత్తలో ఆయనను కూడా పట్టుకుపోయి అదే క్యాంపులో పదిరోజులు ఉంచారు. కారణం ఎవరూ చెప్పలేదు. అప్పటి నుంచి ఆ వీధి వైపు పోకుండా, పోస్టాఫీసుకు పోవాలన్నా చుట్టు తిరిగి పోయేవారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ, మీరు రావాలని నేనే అడిగాను.

"నువ్వు ఒక్కనివే పట్కపోతే వాళ్లకు చదువుడు రాదు కద బేటా" అన్నారు.

గురువారం పొద్దున పుస్తకం గుడ్డలో చుట్టుకుని బయలుదేరాం. క్యాంపు దగ్గరపడుతున్న కొద్దీ ఆయన నడక చిన్నదైంది. గేటు ముందు ఆగి టోపీ సర్దుకున్నారు. నేను పుస్తకం అందుకోబోతే ఇవ్వలేదు. లోపల వరండా చివర కుమ్మరాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయి, పక్కనున్న జవాను చూస్తే మళ్లీ కూర్చున్నాడు. పెదవి పక్కన వాపు ఉంది.

ఇన్‌స్పెక్టర్ పుస్తకం తిరగేసి నవ్వాడు. "ఈ అజూర్ ఏమిటి, దై ఏమిటండీ? నాకు ఒక్క ముక్క తెలియదు. రాత్రికి రాత్రి రాసుకొచ్చినా నాకెలా తెలుస్తుంది?"

మున్షీ సాబ్ వేలి కణుపుల మీద పన్నెండు నెలలూ లెక్కపెట్టి చెప్పారు. గొంతు మొదట పలచగా వచ్చింది. లెక్క మొదలుపెట్టాక గట్టిపడింది. తర్వాత ఆ పల్లె దరఖాస్తులు అయిపోయిన పేజీ తీసి, అక్కడి నుంచి మూడు పేజీలు అవతలికి తిప్పి ఆగారు.

"గిది చూడుండ్రి సాబ్. ఇంకో ఊరి మనిషి ఎడ్ల జోడి పోయిందని మీ ఠాణల ఇచ్చిన దరఖాస్తు. నేనే రాసిన. దై నెల, గదే సాలు, యాభై ఏడు. మీ ఠాణ పాత రిజిస్టర్ల ఉంటది. అది దొరికితే, దాని కంటె ముందట రాసిన పేజీ తర్వాత రాసింది ఎట్లయితది? పుస్తకం కుట్టు విప్పలేదు, చూసుకోండ్రి."

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆపాడు. పక్కనే ఉన్న ఠాణాలో నిజాం కాలం నుంచి పనిచేస్తున్న ముసలి జమేదారును పాత రిజిస్టర్లతో సహా పిలిపించాడు. ఆయన కట్టలు దింపి, దుమ్ము దులిపి, వెతకడం మొదలుపెట్టాడు. ఎంతసేపు వెతికాడో నాకు తెలియదు. ఒక కట్ట అయిపోయింది, రెండోది అయిపోయింది. మున్షీ సాబ్ పెదవులు కదులుతున్నాయి. నాకు చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు. మూడో కట్టలో జమేదారు వేలు ఒక చోట ఆగింది.

"ఉన్నది సాబ్. ఒక ఎడ్ల జోడి, ఒకటి తెల్లది, ఒకటి మచ్చలది. దై నెల, పదమూడు వందల యాభై ఏడు."

మున్షీ సాబ్ పుస్తకంలోనూ ఒకటి తెల్లది, ఒకటి మచ్చలది. ఆ ఎడ్లు దొరికాయో లేదో తెలియదు గాని, ఆ మధ్యాహ్నం ఒక మనిషిని ఇంటికి తెచ్చాయి. కుమ్మరాయన మాతోపాటు గేటు దాటాడు.

శనివారం మెంబరు గారు అక్కన్నపేట స్టేషనులో దిగి నేరుగా వచ్చారు. మొత్తం విని ఒక్కటే అడిగారు.

"ఉత్తరం ఎన్ని దినాలు దాచినవ్?"

"రెండు."

"తారీఖు తప్పుకు నిన్నేమనను. చేతులు టైపు చేస్తయి, తప్పు పడతయి. గా రెండు దినాలకు మాత్రం నువ్వు జవాబు చెప్పాలె. నాకు కాదు."

మరి ఎవరికి చెప్పాలో ఆయన చెప్పనక్కర లేకపోయింది. మరునాడు ఆ పల్లెకు నడిచి పోయాను. కుమ్మరాయన సారె దగ్గర ఉన్నాడు. తప్పు నాదేనని, తెలిసీ రెండు రోజులు దాచానని చెప్పాను. నన్ను క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఆయన తడి చెయ్యి మోకాలికి తుడుచుకున్నాడు.

"రేకులొస్తయా, రావా? గది చెప్పు" అన్నాడు.

వస్తాయన్నాను. ఆయన మళ్లీ సారె తిప్పుకున్నాడు.

రేకులు వచ్చాయి. మెంబరు గారు ఢిల్లీకి రాసిన ఉత్తరంలో తప్పు తనదేనని రాసుకున్నారు, నా పేరు ఎక్కడా లేదు. పోయి అదే బెంచీ మీద మళ్లీ మొదటి నుంచి కూర్చున్నారు. ఆలస్యం మాత్రం మిగిలింది. మిరుగు కార్తె తొలకరి వానలు ముందొచ్చాయి, రేకులు తర్వాత వచ్చాయి. ఆ వానల్లో ఆ ఊరు బొంతల కింద తడిసింది నా మూలంగానే. అది ఎవరూ అనలేదు. నాకు తెలుసు.

కొత్త జాబితా పంపే ముందు ప్రతి పేజీ మున్షీ సాబ్‌కు చదివి వినిపించాను. అయ్యాక, తప్పు పడిన పాత కాపీ చింపబోతుంటే ఆయన చెయ్యి చాచారు.

"అండ్ల ఏ తారీఖు పడ్డది, మళ్లొకసారి చెప్పు."

"1948 అక్టోబర్."

"అజూర్, పదమూడు వందల యాభై ఎనిమిది" అన్నారాయన, వేళ్ల మీద లెక్కపెట్టకుండానే. "గిది తప్పు తారీఖు కాదు బేటా. గిది మా ఇంటిది."

చేగుంట దిక్కున ఒక ఊళ్లో ఆయన తమ్ముడు కాపురముండే వాళ్ల తాతల ఇల్లు ఉండేది. పోలీస్ యాక్షన్ అయిన మూడో వారంలో, జనం రజాకార్ల మీది కోపం రజాకార్లు కాని ముసల్మానుల మీద తీర్చుకున్నారు. ఇల్లు కాలింది. తమ్ముడు బయటికి రాలేదు. అప్పుడు మున్షీ సాబ్ క్యాంపులో ఉన్నారు. ఇన్ని నెలలు నా పక్కన కూర్చుని ఊళ్ల పేర్లు, కాలిన ఇండ్లు ఒక్కొక్కటే చదివి చెప్పిన మనిషి.

"మరి మీరు దరఖాస్తు ఎందుకు పెట్టలేదు?" అన్నాను.

"ఏ ఖానాల పెట్టాలె? యాక్షన్ కంటె ముందు కాలినయే అని ఉన్నది కద."

ఆ మధ్యాహ్నం నేను ఆయన దరఖాస్తు టైపు చేశాను. పేరు, ఊరు, తారీఖు ఆయన నోటితోనే చెప్పించాను. మొత్తం తెలుగులో చదివి వినిపించాను. ఆయన ఉర్దూలో సంతకం పెట్టారు. మెంబరు గారు చదివి, మడిచి సంచిలో పెట్టుకున్నారు. ఆయన సభలో ఉన్నన్నాళ్లూ ఆ కాగితం ప్రతిసారి ఢిల్లీ పోయి వచ్చింది.

దాని కార్బన్ కాపీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. కిటుకు అడిగిన పిల్లలకు అదే చూపిస్తాను. నా ఉద్యోగంలో ఎన్నో తారీఖులు టైపు చేశాను. కొన్ని తప్పు పడ్డాయి, కొన్నిటికి సంజాయిషీలు ఇచ్చుకున్నాను. ఆ ఒక్క తారీఖు తప్పని మాత్రం ఢిల్లీలో ఎవరూ అనలేదు. జవాబు కూడా ఇవ్వలేదు.